పసరు కక్కిందా... పరుగెత్తాల్సిందే!

పుట్టి పట్టుమని పది రోజులైనా కాలేదు. అరచేతిలో ఒదిగేంత ప్రాణం. ఆ బుజ్జి పొట్టలో పేగుకు చిల్లు పడితే? వినడానికే గుండె జారిపోయే ఈ ఆపద ఎందుకు వస్తుంది? వస్తే బిడ్డ దక్కుతుందా? ముందుగా పసిగట్టే దారేమైనా ఉందా? జలంత్రకోట నుంచి టెక్కలి దాకా పసిబిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సిన సంగతులివి.

ఒక ఇల్లు ఊహించుకోండి. కంచిలి మండలంలో జలంత్రకోట దగ్గరో, మందస పక్కనో, వజ్రపుకొత్తూరు తీరానో... కొబ్బరి, జీడి తోటల మధ్య చిన్న పెంకుటిల్లు. కాన్పుకు పుట్టింటికి వచ్చిన కూతురు. పక్కన మూడు రోజుల పసిగుడ్డు. నిన్నటి నుంచి బిడ్డ సరిగా పాలు పట్టడం లేదు. పొట్ట డోలులా బిగిసింది. పొద్దున కక్కిన పాలు తెల్లగా లేవు. ఆకు నలిపిన పసరులా ఉన్నాయి.

''ఏటీ అవదే... గాలి సోకినట్టుంది. పసిగుడ్డులు కక్కడం మామూలే'' అంటుంది అమ్మమ్మ. పక్కింటావిడ తమలపాకు తొడిమకు ఆముదం రాసి పట్టుకొస్తుంది. బిడ్డ తండ్రి పని కోసం ఎక్కడో దూరాన ఉన్నాడు. ''సాయంత్రం దాకా చూడండి'' అంటాడు ఫోన్లో.

ఆ సాయంత్రమే బిడ్డ బతుక్కీ చావుకీ మధ్య గీత కావచ్చు.

ఈ ఇల్లు ఊహే. ఈ మాటలు మాత్రం మనకు కొత్తవి కావు. ఇలాంటి మాటల దగ్గరే చాలామంది పసివాళ్లకు విలువైన గంటలు కరిగిపోతుంటాయి. ఉద్దానం అనగానే లోకానికి కిడ్నీ జబ్బు గుర్తుకొస్తుంది. దాని గురించి ఇక్కడ చదువురాని ముసలమ్మ కూడా నాలుగు ముక్కలు చెప్పగలదు. పసిబిడ్డ పేగు గురించి కూడా అంతమందికి తెలిస్తే ఎన్నో ఉయ్యాలలు ఖాళీ కాకుండా ఉంటాయి.

చిల్లు ఎలా పడుతుంది?

నెలలు నిండి పుట్టిన బిడ్డ చిన్నపేగు పొడవు దాదాపు రెండున్నర మీటర్లు. ఏడో నెలలోనే పుట్టేస్తే అంత కూడా ఉండదు. దాని గోడ చాలా పల్చన. అందులో పాలు, గాలి, మలం ముందుకు కదులుతూ ఉండాలి. గోడకు రక్తం అందుతూ ఉండాలి. ఈ రెండింటిలో ఏది ఆగినా ప్రమాదమే.

దారి మూసుకుపోతే వెనకవైపు పేగు బుడగలా ఉబ్బుతుంది. ఉబ్బి ఉబ్బి ఒకచోట పగులుతుంది. రక్తం అందకపోతే ఆ భాగం నల్లబడి, చచ్చుబడి, చిరిగిపోతుంది. ఎలా పడినా ఫలితం ఒక్కటే. పేగులో ఉండాల్సిన మలం, క్రిములు పొట్ట కుహరంలోకి ఒలికిపోతాయి. అక్కణ్నుంచి రక్తంలోకి విషం పాకుతుంది. పెద్దవాళ్లయితే నొప్పితో మెలికలు తిరిగి ఊరంతా లేపుతారు. పసివాడు ఏం చెప్పగలడు? పాలు మానేస్తాడు. మూలుగుతాడు. చల్లబడిపోతాడు. అంతే.

తొందరపడి పుడితే...

పసివాళ్లలో పేగు చిల్లుకు పెద్ద కారణం నెలలు నిండకుండా పుట్టడం. ఇలాంటి పిల్లలకు వచ్చే పేగు వాపు జబ్బు పేరు నెక్రోటైజింగ్ ఎంటెరోకోలైటిస్. డాక్టర్లు పొట్టిగా 'నెక్' అంటారు. కిలోన్నర కంటే తక్కువ బరువుతో పుట్టిన ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమందికి ఇది వచ్చే వీలుంది.

పేగు ఇంకా పక్వానికి రాలేదు. రోగనిరోధక శక్తి తక్కువ. పేగులో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవులు స్థిరపడలేదు. ఇన్ని లోపాల మధ్య పేగు గోడలో మంట మొదలవుతుంది. ఎక్కువగా పుట్టిన రెండు మూడు వారాలకు, ''హమ్మయ్య, గండం గడిచింది... పాలు తాగుతున్నాడు'' అనుకునే వేళ వస్తుంది. అదే దీని మాయ. పొట్ట ఉబ్బుతుంది. విరేచనంలో రక్తం జీర కనిపిస్తుంది. ఈ జబ్బు తీవ్రతను మూడు దశలుగా చూడటం 1978లో మొదలైంది. అమెరికా వైద్యుడు మార్టిన్ బెల్ బృందం చేసిన ఆ విభజనే కొద్ది మార్పులతో ఈనాటికీ వాడుకలో ఉంది. మూడో దశ చివర పడేదే చిల్లు.

మరీ తక్కువ బరువున్న పిల్లల్లో ఇంకో రకం ఉంది. పేగు అంతా బాగానే ఉండి, చిన్నపేగు చివర ఒక్కచోటే పుటుక్కున చిల్లు పడుతుంది. ఇది పుట్టిన మొదటి వారం పది రోజుల్లోనే వస్తుంది. పొట్ట నీలంగా కనిపిస్తుంది. గుండె దగ్గరి రక్తనాళం మూసుకోవడానికిచ్చే ఇండోమెథాసిన్ మందునూ స్టెరాయిడ్లనూ తొలి రోజుల్లో కలిపి వాడితే ఈ ముప్పు పెరుగుతుందని తేలాక వైద్యులు ఆ విషయంలో జాగ్రత్త పడుతున్నారు.

ఉద్దానం వాళ్లు గమనించాల్సిన ముక్క ఒకటుంది. తల్లికి కిడ్నీ జబ్బు ఉంటే నెలలు నిండకుండా కాన్పు అయ్యే ముప్పు, బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు రెండూ పెరుగుతాయి. ఇది వైద్యశాస్త్రం ఎప్పుడో తేల్చిన మాట. అందుకే ఈ ప్రాంతంలో గర్భిణికి బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ చూడటం తల్లి కోసమే కాదు. లోపలున్న బిడ్డ పేగు కోసం కూడా!

నెలలు నిండినా...

''మావాడు మూడు కిలోలు. మాకేం భయం?'' అనుకోవద్దు. నిండు నెలల బిడ్డకూ చిల్లు పడొచ్చు. కారణాలు వేరు.

కొందరిలో పేగు ఒకచోట అసలు ఏర్పడదు. దారి అక్కడితో మూసుకుపోతుంది. కొందరిలో పేగు పొట్టలో ఉండాల్సిన తీరులో అమరదు. అది తన చుట్టూ తాను మెలిపడితే రక్తం ఆగిపోయి, కొద్ది గంటల్లోనే మొత్తం చిన్నపేగు చచ్చుబడుతుంది. పసరు వాంతిని అంత పెద్ద ప్రమాద సూచికగా చూసేది ఇందుకే.

కొందరికి మలద్వారమే ఉండదు. ప్రతి ఐదువేల మందిలో దాదాపు ఒకరు ఇలా పుడతారు. పుట్టిన వెంటనే చూస్తే కనిపించే లోపమే ఇది. అయినా చూడకుండా బట్టలో చుట్టేసి, రెండు మూడు రోజుల తర్వాత పొట్ట ఉబ్బాక తెలుసుకున్న సందర్భాలు ఎన్నో.

ఇంకొకటి హిర్ష్‌స్ప్రంగ్ వ్యాధి. ఇది కూడా సుమారు ఐదువేల మందిలో ఒకరికి. డెన్మార్క్ పిల్లల వైద్యుడు హెరాల్డ్ హిర్ష్‌స్ప్రంగ్ 1886లో దీన్ని లోకానికి వివరించాడు. పెద్దపేగు చివరి భాగంలో నాడీకణాలు ఉండవు. పేగు ఉంటుంది, దారీ ఉంటుంది. కానీ మలాన్ని నెట్టే కదలిక ఉండదు. ఈ పిల్లల్లో తొలి నల్లటి విరేచనం ఆలస్యమవుతుంది. ఆరోగ్యంగా ఉన్న నిండు నెలల బిడ్డల్లో నూటికి తొంభైమందికి పైగా పుట్టిన 24 గంటల్లోపే ఆ నల్లటి జిగురు విరేచనం చేస్తారు. 48 గంటలు దాటినా కాలేదంటే ఏదో ఉన్నట్టే. ''మెల్లగా అవుతుందిలే'' అనుకోవడానికి వీల్లేదు.

మన చేతులతో మనమే!

చెప్పడానికి బాధగా ఉన్నా చెప్పక తప్పదు. బిడ్డకు విరేచనం కాలేదని తమలపాకు తొడిమ, సబ్బు ముక్క, గొట్టం... ఏదో ఒకటి మలద్వారంలో పెట్టడం మన ఇళ్లలో పాత అలవాటు. ఆ గోడ ఎంత పల్చనో ఇందాకే చెప్పుకున్నాం. గట్టి వస్తువు ఏది గుచ్చుకున్నా అక్కడే చిల్లు పడొచ్చు. థర్మామీటరు గుచ్చుకుని, ఎనిమా గొట్టం తగిలి పసివాళ్లకు చిల్లు పడిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. ఆసుపత్రిలో చేతులకే అలా జరిగితే ఇంట్లో మాటేమిటి?

పొట్ట ఉబ్బితే వాతలు పెట్టడం మరో ఘోరం. పొరుగున ఉన్న ఒడిశా గిరిజన జిల్లాల్లో కాల్చిన ఇనుముతో పసివాళ్ల పొట్టపై వాతలు పెట్టిన ఉదంతాలు ఎన్నోసార్లు వార్తలకెక్కాయి. లోపల ఉన్న జబ్బు అలాగే ఉంటుంది. పైన కాలిన గాయం, దానికి చీము తోడవుతాయి. ఆసుపత్రికి చేరాల్సిన రోజు కాస్తా వాత మానే దాకా వాయిదా పడుతుంది. తేనె నాకించడం, ఆముదం పట్టడం, పంచదార నీళ్లు పోయడం కూడా ఆ కోవలోవే. పుట్టిన బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ అక్కర్లేదు.

ఎక్స్‌రేలో గాలి

చిల్లు పడిందని తెలుసుకోవడానికి బోలెడు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మామూలు ఎక్స్‌రే చాలు. పేగులో ఉండాల్సిన గాలి చిల్లులోంచి బయటపడి పొట్టలో పైకి తేలుతుంది. బిడ్డను నిటారుగా పట్టుకునో, ఎడమ పక్కకు పడుకోబెట్టో తీసిన ఎక్స్‌రేలో ఆ గాలి నల్లటి పొరలా కాలేయం దగ్గర కనిపిస్తుంది. అంటే జబ్బును కనిపెట్టే మొదటి మెట్టు చిన్న పట్టణంలోనూ ఉంది. అక్కడిదాకా బిడ్డ వెళ్లడమే కావాలి. అయితే ఒక ఎక్స్‌రేలో గాలి కనిపించనంత మాత్రాన చిల్లు లేదని కాదు. అందుకే అనుమానం ఉంటే కొన్ని గంటలకోసారి మళ్లీ తీస్తారు. ''ఎన్నిసార్లు తీస్తారండీ?'' అని విసుక్కోకండి.

కత్తా? గొట్టమా?

ఒకప్పుడు పసివాళ్ల పేగుకు చిల్లు పడితే ఆశ వదులుకోవడమే. చిన్నపేగు చివరి భాగంలో చిల్లు పడిన పసిబిడ్డకు ఆపరేషన్ చేసి బతికించిన సంగతి 1943లో అమెరికా వైద్యులు ప్రచురించారు. అప్పటి నుంచి దారి తెరుచుకుంది.

ఇప్పుడు సాధారణంగా చేసేది ఇదీ... పొట్ట తెరిచి, ఒలికిన మలాన్ని శుభ్రంగా కడిగి, చచ్చుబడిన పేగు ముక్కను తీసేస్తారు. పరిస్థితి బాగుంటే రెండు కొసలనూ అప్పుడే కలిపి కుడతారు. బాగా లేకపోతే పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి అక్కడి నుంచే విరేచనం వచ్చేలా చేస్తారు. దీన్ని స్టోమా అంటారు. పొట్ట మీద ఎర్రగా కనిపించే ఆ పేగును చూసి తల్లులు హడలిపోతారు. ''బిడ్డ జీవితాంతం ఇలాగేనా?'' అని ఏడుస్తారు. కాదు. చాలామందికి అది తాత్కాలికమే. బిడ్డ కోలుకుని, బరువు పెరిగాక, కొన్ని వారాలకో కొన్ని నెలలకో రెండో ఆపరేషన్ చేసి లోపల కలిపేస్తారు. హిర్ష్‌స్ప్రంగ్, మలద్వారం లేని పిల్లలకు అసలు లోపాన్ని సరిచేసే ఆపరేషన్ కూడా తర్వాత ఉంటుంది.

మరి కిలో కూడా లేని బిడ్డ, మత్తుమందునే తట్టుకోలేని బిడ్డ సంగతి? 1977లో కెనడాలోని టొరంటో పిల్లల ఆసుపత్రి వైద్యులు ఒక ఉపాయం ప్రచురించారు. పొట్ట కోయకుండా, మంచం దగ్గరే చిన్న గాటు పెట్టి సన్నటి గొట్టం వేయడం! లోపలి మలినం, గాలి దాన్లోంచి బయటికి వస్తాయి. కొందరికి అదే చాలుతుంది. కొందరికి తర్వాత ఆపరేషన్ కావాలి.

ఏది మేలు? దీన్ని తేల్చడానికి అమెరికాలో కిలో లోపు బరువున్న 310 మంది పసివాళ్లపై జరిగిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. మొత్తం మీద రెండు పద్ధతులకూ తేడా కనిపించలేదు. 'నెక్' అని అనుమానించిన పిల్లల్లో మాత్రం పొట్ట తెరిచి చేసిన ఆపరేషనే మెరుగ్గా ఉన్నట్టు సూచనలు కనిపించాయి. అదే అధ్యయనంలో మరో చేదు నిజం కూడా ఉంది. ఏ పద్ధతిలోనైనా పదిమందిలో దాదాపు ఏడుగురు చనిపోవడమో, రెండేళ్లు వచ్చేసరికి ఎదుగుదల లోపంతో మిగలడమో జరిగింది. కిలో లోపు ప్రాణాలతో పోరాటం అంత కఠినం.

ఇంతకీ... దక్కుతారా?

తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న ఇదే. జవాబు ఒక్క ముక్కలో లేదు. చిల్లు ఎందుకు పడిందన్న దాన్ని బట్టి, బిడ్డ బరువును బట్టి, ఎంత త్వరగా వచ్చారన్న దాన్ని బట్టి మారుతుంది.

నిండు నెలల బిడ్డ, పేగు ఒకచోట మూసుకుపోవడం లాంటి లోపం, వేళకు ఆపరేషన్... ఇవి కలిస్తే మంచి ఆసుపత్రుల్లో పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతున్నారు. పెద్దయ్యాక పొట్ట మీద గీత తప్ప తేడా కూడా తెలియదు. 'నెక్'తో ఆపరేషన్ దాకా వచ్చిన నెలలు నిండని పిల్లల్లో మాత్రం నూటికి ముప్ఫై నుంచి యాభైమందిని కోల్పోతున్నారు. బతికినవారిలో కొందరికి పేగు చాలా భాగం తీసేయాల్సి రావడంతో తిన్నది ఒంటబట్టదు. కొందరికి పేగు సన్నబడి మళ్లీ అడ్డుపడుతుంది. కొందరు నడక, మాట, చదువులో వెనకబడతారు. అందుకే ఆపరేషన్ అయిపోయిందని వదిలేయకుండా కనీసం రెండేళ్లు డాక్టరుకు చూపిస్తూ ఉండాలి.

ఇక్కడే ఇంకో మాట. ఆసుపత్రి వరండాల్లో అప్పుడప్పుడూ వినపడే మాట. ''ఎందుకింత అవస్థ? ఇంటికి తీసుకుపోదాం. మీకేం వయసు మీరిందా... ఇంకో బిడ్డ పుట్టకపోతుందా?'' బిడ్డ ఆడపిల్ల అయితే ఈ మాట ఇంకాస్త తొందరగా వస్తుంది. అలా సంతకం పెట్టి తీసుకెళ్లిన బిడ్డల్లో బతికే అవకాశం ఉన్నవాళ్లూ ఉంటారు. నిర్ణయం తీసుకునే ముందు డాక్టర్ని మూడు ప్రశ్నలు అడగండి. చిల్లు ఎందుకు పడింది? ఎంత పేగు మిగిలింది? ఈ బరువు, ఈ జబ్బు ఉన్న పిల్లలు మీ దగ్గర ఎంతమంది కోలుకున్నారు? జవాబులు విన్నాకే నిర్ణయం. బంధువుల మాట మీద కాదు.

దూరంతో పందెం

జలంత్రకోట దగ్గర జాతీయ రహదారి ఎక్కితే శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైనే. విశాఖపట్నం రెండొందలు దాటుతుంది. పసివాళ్లకు ఆపరేషన్ చేసే పీడియాట్రిక్ సర్జన్ ప్రతి పట్టణంలో ఉండరు. ఉత్తరాంధ్రకు దశాబ్దాలుగా పెద్ద దిక్కు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రే. ఇచ్ఛాపురం, కంచిలి వైపు వాళ్లు దగ్గరని బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల ఆసుపత్రికీ వెళుతుంటారు. ఎక్కడికి వెళ్లినా బయల్దేరే ముందే ఫోన్ చేయించండి. పసివాళ్ల సర్జన్ ఉన్నారా? వెంటిలేటరు ఖాళీ ఉందా? తెలుసుకుని వెళితే ఊళ్లు తిరిగే తిప్పలు తప్పుతాయి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానాన్ని ఊడ్చేసినప్పుడు పడిన కొబ్బరిచెట్లతో దారులన్నీ మూసుకుపోయిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. తుపాను హెచ్చరిక ఉన్న రోజుల్లో నెలలు నిండిన గర్భిణులను, బరువు తక్కువ పసివాళ్లను ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చడం మేలు.

డబ్బు మాటకొస్తే... ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రిలో జబ్బుపడిన నవజాత శిశువుకు వైద్యం, మందులు, రవాణా ఉచితం. 2020 జులైలో రాష్ట్రంలో కొత్తగా వచ్చిన 108 వాహనాల్లో 26 ప్రత్యేకంగా పసివాళ్ల కోసమే కేటాయించారు. 108కి ఫోన్ చేసినప్పుడు ''బిడ్డకు ఇన్ని రోజులు, పసరు కక్కుతోంది'' అని స్పష్టంగా చెప్పండి.

దారిలో బిడ్డ చల్లబడితే ఆపరేషన్‌కి ముందే సగం ఓడినట్టు. అమ్మ గుండెకు ఆనించి, చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని, పైన దుప్పటి కప్పాలి. తలకు టోపీ. పసరు కక్కే బిడ్డకు నోటి ద్వారా ఏమీ పట్టకూడదు. బయల్దేరే ముందు దగ్గరి ఆసుపత్రిలో ముక్కు ద్వారా కడుపులోకి గొట్టం వేయించి, సెలైన్ పెట్టించుకుంటే ప్రయాణం కాస్త క్షేమం. కానీ దానికోసం గంటలు గంటలు కూర్చోవద్దు.

ఇవి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు!

* ఆకుపచ్చ రంగు వాంతి. ఒక్కసారైనా సరే.
* పొట్ట ఉబ్బి, బిగిసి, మెరుస్తూ ఉండటం. పొట్ట మీద ఎరుపు లేదా నీలం రంగు.
* పుట్టి 24 గంటలైనా నల్లటి విరేచనం కాకపోతే డాక్టరుకు చెప్పాలి. 48 గంటలు దాటితే పరీక్షలు తప్పనిసరి.
* విరేచనంలో రక్తం.
* పాలు మానేయడం, మగతగా పడి ఉండటం, ఒళ్లు చల్లబడటం, ఊపిరి ఆగి ఆగి రావడం.
* మలద్వారం కనిపించకపోవడం. పుట్టిన రోజే ఒకసారి చూడండి.

అమ్మపాలే అడ్డుకట్ట

పుట్టుకతో వచ్చే లోపాలను మనం ఆపలేకపోవచ్చు. 'నెక్'ను మాత్రం చాలావరకు ఆపొచ్చు. అందుకు మన చేతిలో ఉన్న అతిపెద్ద ఆయుధం పైసా ఖర్చు లేనిది. అమ్మపాలు! బ్రిటన్‌లో నెలలు నిండని తొమ్మిదివందల మందికి పైగా శిశువులను పరిశీలించి అలన్ లూకాస్, టిమ్ కోల్ 1990లో ఒక విషయం తేల్చారు. డబ్బాపాలు మాత్రమే తాగిన పిల్లల్లో 'నెక్' అమ్మపాలు మాత్రమే తాగిన వారికంటే ఆరు నుంచి పది రెట్లు ఎక్కువ. ముర్రుపాలు పారబోయడం అంటే మందు పారబోయడమే. బిడ్డ ఐసీయూలో ఉండి రొమ్ము పట్టలేకపోతే పాలు పిండి చెంచాతోనో గొట్టంతోనో పట్టిస్తారు. ఆపరేషన్ అయిన బిడ్డకూ పేగు కోలుకున్నాక మొదట పట్టేది అవే. అందుకే ఆ రోజుల్లో తల్లికి కడుపునిండా తిండి పెట్టడం, పాలు ఇంకిపోకుండా పిండుకోమని చెప్పడం ఇంట్లోవాళ్ల బాధ్యత. ''బిడ్డే లోపలుంటే నీకు తిండెలా దిగుతోంది'' అని దెప్పే వేళ కాదది.

నెలలు నిండకముందే నొప్పులు వస్తే ఆలస్యం చేయకుండా పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులకు బలమిస్తాయి. పేగుకు కూడా మేలు చేస్తాయి. చిన్న వయసు పెళ్లిళ్లు మానడం, కాన్పుకూ కాన్పుకూ ఎడం ఉంచడం, రక్తహీనత రాకుండా చూసుకోవడం... ఇవన్నీ పాత మాటలే. బిడ్డ నెలలు నిండి పుట్టడానికి పనికొచ్చే మాటలు కూడా ఇవే.

మళ్లీ ఆ పెంకుటింటికి వెళదాం. అదే పొద్దు. అదే పసరు వాంతి. ఈసారి అమ్మమ్మ తమలపాకు తొడిమను పక్కన పడేసింది. ''గాలీ లేదు, దూళీ లేదు. పసరు కక్కిందంటే పేగే. 108కి ఫోన్ సెయ్యండి'' అంది. అంతే తేడా. ఆ ఒక్క మాటకు కత్తి కంటే ఎక్కువ బలముంది. ఈ ఆదివారం మీ ఇంట్లో, మీ వీధిలో పసిబిడ్డ ఉంటే ఆ మాట వాళ్ల చెవిన కూడా వేయండి.